పత్యంలో లేని మాత్ర

మడివాళలో పీజీ హాస్టల్లో ఉన్నప్పుడు జిమ్ కోచ్ ఇచ్చిన మాత్రలు మూడు నెలలు మింగాను. డబ్బా లేదు, చీటీ లేదు, ఉత్త ప్లాస్టిక్ కవర్లో గులాబీ రంగు మాత్రలు. వారానికోసారి దర్జీ టేపుతో చేతి కండ కొలుచుకునేవాణ్ని. అది పెరుగుతుంటే నాకే వింత. ఇంకెంత పెరుగుతుందో చూద్దామనే పిచ్చి కుతూహలం.

తర్వాత దురద మొదలైంది. ఎంత గోకినా తీరేది కాదు. ఒకరోజు అద్దంలో కళ్ళు పచ్చగా కనిపించాయి. ఫోన్ చేస్తే అమ్మ కామెర్లేమోనంది, మూత్రంలో నాలుగు అన్నం మెతుకులు వేసి చూడమంది. సిగ్గుపడుతూనే గ్లాసులో పట్టి వేశాను. మెతుకులు పసుపు పూసినట్టు మారిపోయాయి. భయం సంగతి తర్వాత, ముందైతే ఆ గ్లాసును వదల్లేక చూస్తూ ఉండిపోయాను.

ఆఫీసులో ఎవరో చెబితే, నగర్తపేటలో పసరు మందిచ్చే పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. తాతల కాలం నుంచీ ఆ కన్నడ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళు. ఆకు నూరుతూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంగేమన్నా మింగుతా ఉండావా అప్పా?"

లేదన్నాను. అబద్ధం చెబుతున్నానని కూడా అనిపించలేదు. జ్వరానికి వేసుకునేది మందు. ఇది జిమ్ సామాను, బూట్లలాగా.

ఉప్పు, నూనె, మాంసం ముట్టకూడదని పత్యం చెప్పింది. పదకొండు రోజులు చప్పిడి మజ్జిగన్నమే తిన్నాను. పీజీలో బిర్యానీ వండిన ఆదివారం తలుపేసుకుని కూర్చున్నాను. అంత నిష్ఠగా ఉంటూ, రోజూ పసరు తాగిన అరగంటకు గులాబీ మాత్ర వేసుకున్నాను. పత్యంలో అది లేదు కదా! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పన్నెండో రోజు మెట్లెక్కలేక ఆస్పత్రికి పోయాను. రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరమ్మ కూడా పెద్దావిడ అడిగిందే అడిగింది. ఈసారి కవరు తీసి బల్ల మీద పెట్టాను. అవి స్టెరాయిడ్లనీ, వాటివల్లే కాలేయం దెబ్బతిందనీ, ఇంకా మింగితే ప్రాణం మీదికొచ్చేదనీ చెప్పింది. పసరు కూడా ఆపమంది. బాగవుతుందా అని అడిగితే, మానేస్తే బాగుపడొచ్చు, పరీక్షలు చేస్తూ చూద్దామంది.

కొన్ని నెలలకు కళ్ళు తేటపడ్డాక, నగర్తపేటకు వెళ్ళి పెద్దావిడకు నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. పచ్చదనం పోయిందో లేదోనని నా కళ్ళల్లోకి చూసింది.

"వచ్చినోళ్ళనంతా ముందు ఆ మాటే అడుగుతానప్పా. అవునంటే మందియ్యను, ఆస్పత్రికి పొమ్మంటాను. నువ్వు లేదంటివి."