కన్నడంలో లెక్కపెట్టుకున్న చైత్ర

2023లో నేను హిందూపురం బస్టాండు దగ్గర ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. చీటీ చూసి మందు తీసివ్వడంతో మా పని అయిపోదు. దాన్ని ఎప్పుడు, ఎలా వేసుకోవాలో మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. మా చదువులో దీన్ని కౌన్సెలింగ్ అంటారు. సాయంత్రం డ్యూటీ లేని రోజుల్లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో చిన్నపిల్లలకు ఉచితంగా ట్యూషన్ చెప్పేదాన్ని.

ఆ ఏడు చైత్ర అని రెండో తరగతి పాప వచ్చింది. వాళ్ళ నాయన మంజునాథ్ పట్టుదారం తీసే యూనిట్లో కూలికి పోతాడు. ఆ వేసవిలోనే కర్ణాటకలోని మధుగిరి వైపు పల్లె నుంచి వచ్చి, పాపను ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో వేశారు.

"ఈ పాపకి బుద్ధి తక్కువ అంటాండారక్కా. మళ్ళా ఒకటో క్లాసులో కూర్చోబెడతారంట, లేదంటే యాడన్నా వేరే స్కూలు చూసుకోమన్నారు. నువ్వన్నా చూడక్కా," అన్నాడాయన. పాప పక్కనే నిలబడి అంతా వింటోంది.

మొదట్లో చైత్ర నోరే విప్పలేదు. ఏం అడిగినా నా పెదవులవైపు చూసేది. ఒకరోజు లెక్కలకని నా బ్యాగులోంచి మాత్రల స్ట్రిప్, అంటే మాత్రల షీటు తీసి, "ఇందులో ఎన్ని ఉండాయమ్మా?" అని అడిగాను. వేలు పెట్టి తనలో తాను గొణుక్కుంది. "ఒందు, ఎరడు, మూరు..." ఏడో మాత్ర దగ్గర "ఏళు" అని ఆగింది.

నాకు కన్నడం వచ్చు. "ఇదరల్లి మూరు తెగెదరె ఎష్టు?" అన్నాను. ఇందులో మూడు తీస్తే ఎన్ని అని.

"నాల్కు!" అంది వెంటనే. మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రం నేనడిగిన కూడికలూ తీసివేతలూ అన్నీ కన్నడంలో గడగడా చెప్పేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే మంజునాథ్‌నూ పాపనూ వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. ఒక్కసారి ఈ పాపను కన్నడంలో అడిగి చూడండి, మీకే తెలుస్తుంది అని ప్రిన్సిపాల్ మేడమ్‌ను బతిమాలాను.

"మాది ఇంగ్లీష్ మీడియం. ఒక్కో పిల్లకి ఒక్కో భాషలో పరీక్ష పెట్టేకి అయితాదా? అయినా మందుల షాపులో ఉండేవాళ్ళకి ఈ యవ్వారం ఎందుకు మేడమ్?" అందామె.

"మా కౌంటర్ దగ్గరికి వచ్చిన అవ్వకి తెలుగు రాకపోతే కన్నడంలో చెప్తాను. ఆమె మాత్ర తప్పుగా వేసుకుంటే తప్పు నాది. అవ్వకి బుద్ధి తక్కువని పంపించేయను," అన్నాను. నా గొంతు బయటి వరండా దాకా వినబడి ఉంటుంది.

"అయితే టీసీ తీసుకోండి," అంది ప్రిన్సిపాల్. అంత తేలికగా అనేసింది.

టీసీ తీసుకున్నాం. గేటు దాటాక చైత్ర నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నాను దడ్డీనా?" అని అడిగింది. నేను మొద్దునా అని. పాఠం ఒక్క ముక్క అర్థం కావడంలేదని వాళ్ళు చెప్పిన పిల్లకు, తనను ఏమంటున్నారో మాత్రం బాగానే అర్థమైంది. మంజునాథ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "అల్లమ్మా, నీను జాణె," అన్నాను. కాదమ్మా, నువ్వు తెలివైనదానివి అని. నమ్మినట్టు కనిపించలేదు.

దగ్గర్లోని ప్రభుత్వ బడిలో చేర్పించాం. అక్కడి టీచరమ్మది కర్ణాటక సరిహద్దులోని మడకశిర. తొలిరోజే పాపతో కన్నడంలో మాట్లాడి, మెల్లగా తెలుగులోకి తెచ్చింది. ఏడాది తిరిగేసరికి చైత్ర తెలుగు వాచకం తడుముకోకుండా చదివింది. కానీ జవాబు తెలిసినా, చెప్పేముందు ఇప్పటికీ ఎదుటివాళ్ళ మొహంలోకి భయంగా చూస్తుంది. ఆ భయాన్ని వాళ్ళు ఫీజు తీసుకుని మరీ నేర్పారు.

కొత్తగా ఏ పాప వచ్చినా ఇప్పుడు నేను పుస్తకం తెరవను. ఇంట్లో ఏ మాట మాట్లాడతారో ముందు అడుగుతాను. పిల్లకు రాని భాషలో పరీక్ష పెట్టి తెలివి లేదని తేల్చే హక్కు ఎవరికీ లేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.