గంట పాత కబురు

వెర్నా హ్రైచుక్ కోటు కూడా విప్పలేదు. కెనడాలో, సస్కచెవాన్ రాష్ట్రంలోని ఆ గోధుమ గోదాములో ఇరవై ఆరేళ్లుగా కంప్యూటర్లు చూసేది ఆమే. అంతకుముందు అక్కడే లారీలు తూచింది. యంత్రం చెప్పే మాటను వెంటనే నమ్మదు.

మార్చి నెల, సోమవారం ఉదయం. బయట పదకొండు లారీలు. తూకం కంప్యూటరు తెర మీద ఒకటే మాట: పాస్‌వర్డ్ తప్పు.

"ఈ డీనా పాస్‌వర్డ్ మార్చేసి మర్చిపోయింది," అన్నాడు మేనేజర్ లైల్. "చేరి మూడు వారాలే. ఇంటికి పొమ్మన్నా."

తూకం వేసే డీనా సంచీ భుజాన వేసుకుంది. "నేనేం ముట్టుకోలేదక్కా. ఒట్టు."

"ఉండు తల్లీ. లైల్, నీది కొట్టు."

కొట్టాడు. తప్పు అంది.

"మరి నువ్వూ ఇంటికెళ్తావా?"

లైల్ చెవులు ఎర్రబడ్డాయి. వెర్నాకు హుషారు పుట్టింది. పాస్‌వర్డులు సరిచూసేది రాష్ట్ర రాజధాని రెజైనాలోని పెద్ద కంప్యూటరు. తన ల్యాప్‌టాప్‌లో దాని రికార్డు తెరిచింది. డీనా పాస్‌వర్డ్ ఏడూ ఐదుకు పంపినట్టుంది. ఎనిమిదీ ఐదుకు అందినట్టుంది. గంట పాత కబురును ఆ యంత్రం ఒప్పుకోదు.

తూకం కంప్యూటరు గడియారం ఎనిమిదిన్నర. గోడ గడియారమూ ఎనిమిదిన్నరే. అంకె సరే, మరి ఏ ఊరి ఎనిమిదిన్నర?

"అబ్బ! దొరికావు!"

సెట్టింగులు తెరిచింది. చలికాలంలో కొన్న ఆ కంప్యూటరు పక్క రాష్ట్రంలోని విన్నిపెగ్ సమయం మీద ఉంది. చలికాలమంతా రెండు ఊళ్ల సమయమూ ఒకటే. నిన్న ఆదివారం, ఏటా వేసవికి చేసినట్టే, విన్నిపెగ్‌లో గడియారాలు గంట ముందుకు జరిపారు. సస్కచెవాన్‌లో ఎప్పుడూ జరపరు. పైగా, గడియారాన్ని సరిదిద్దే సర్వీసు ఆగిపోయి ఉంది.

"నిన్న దీన్నెవరు ముట్టుకున్నారు?"

"నేనే," అన్నాడు లైల్. "గంట ముందుకు దూకింది. మనమెప్పుడైనా గడియారాలు మార్చామా? వెనక్కి తిప్పా. మళ్లీ దూకింది. నాలుగుసార్లు! ఒళ్లు మండి ఆ సరిదిద్దేదాన్నే ఆపేశా."

"గడియారం ముఖం సరిచేశావు మహానుభావా. లోపలి అసలు సమయం గంట వెనకబడింది."

ఊరు రెజైనాకు మార్చి, సర్వీసును మళ్లీ నడిపించింది. గడియారంలో అంకె మళ్లీ గోడ గడియారంతో కలిసే ఉంది, లోపలి లెక్క మాత్రం సరైంది.

"డీనా, ఇప్పుడు కొట్టు."

సంచీ దించకుండానే కొట్టింది. తూకం తెర తెరుచుకుంది.

"తెరుచుకుంది!" డీనా కేకకు బయట మొదటి లారీ హారన్ కొట్టింది.

లైల్ వచ్చి ఆమె భుజం మీది సంచీ తీసి మేకుకు తగిలించాడు.

"ఇంటికి పొమ్మన్నారు కదా సార్?"

"ఇంకోసారి నేను గడియారం ముట్టుకుంటే నన్నే పంపెయ్యి. ముందు ఆ లారీని రమ్మను."