తాగకుండా అందించిన గిన్నె

మా చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. ద్రాక్షరసం గిన్నె వస్తే, మిరపకోతలకు వెళ్లే మా పిన్నమ్మ రెండు చేతులా అందుకుని, తాగకుండా నాకిచ్చేసేది. తాగి ఆమె కొడుకు మీద ట్రాక్టరు ఎక్కించి చంపినవాడు మగవాళ్ల వైపు కూర్చునేవాడు.

“ఇంకా ఎన్నాళ్లు పిన్నమ్మా?” అనేదాన్ని.

“కోపం పెట్టుకుని ఎట్టా తాగను అమ్మాయ్? తగ్గతా ఉంది. పూర్తిగా పోనీ, వాడితో ఓ మాట చెప్పి తాగతా. మిరప పండకుండా పచ్చికాయ కోస్తే ఎండేసరికి తెల్లబడి తాలైపోద్ది.”

నిజంగానే తగ్గింది. వాడు కనపడితే దారి మార్చుకునే మనిషి, పోయినేడు వాడి పలకరింపుకు తలూపింది.

ఈ వేసవిలో వాడు గుండెపోటుతో పోయాడు. వాడి సమాధిలో పిన్నమ్మ కూడా పిడికెడు మట్టి వేసింది.

తర్వాతి బల్లనాడు గిన్నె ఆమె చేతుల్లో చాలాసేపు ఆగింది. “ఇక తాగు పిన్నమ్మా” అన్నాను.

“క్షమించానని ఎవరితో చెప్పను అమ్మాయ్?” అంటూ నా చేతిలో పెట్టింది.