ఉల్లిగడ్డలకు పోయిన రాచెట్

మా అమ్మ లెక్కలో ఇనుమంటే ఉల్లిగడ్డలే. తోపుడుబండి మీద ఒక పక్క ఉల్లిగడ్డల గుట్ట, ఇంకో పక్క తక్కెడ పెట్టుకుని "పాత ఇనుప సామాన్‌కు ఉల్లిగడ్డేయ్" అని అరిచే మామ మన్సూరాబాద్‌లో మా గల్లీ మలుపు తిరగ్గానే, అమ్మ కళ్ళు ఇల్లంతా వెతికేవి. పిడి ఊడిన బకెట్, వంగిపోయిన గరిటె, ఏది దొరికితే అది బండెక్కేది. నేనేమో అమ్మ చేతుల వైపే చూస్తూ కూర్చునేదాన్ని. ఎందుకంటే ఇంట్లో ఉన్న పాత ఇనుములో ముప్పావు వంతు నాదే.

నాన్న లారీల మెకానిక్. పదో తరగతి అయ్యాక నా చదువు ఆగిపోయింది. నాన్నకు అన్నం డబ్బా పట్టుకుని షెడ్డుకు పోయేదాన్ని, ఒక పట్టాన తిరిగి వచ్చేదాన్ని కాదు. రాచెట్ పిచ్చి నాకు అక్కడే పట్టుకుంది. నట్టు మీద టోపీలాగా కూర్చునే ఇనుప గోటీ ఉంటుంది చూడండి, దాన్ని తిప్పే పిడే రాచెట్. ఒక వైపు తిప్పితే నట్టును గట్టిగా పట్టుకుంటుంది, రెండో వైపు తిప్పితే టిక టిక టికమంటూ వట్టిగా వెనక్కి వచ్చేస్తుంది. ఆ చప్పుడంటే నాకు ప్రాణం. కొత్తవాటిది ఏదో గొణుగుడులాగా ఉంటుంది. తెల్లదొరల కాలం నాటివి మాత్రం ఒక్కోటి ఒక్కో గొంతుతో మాట్లాడతాయి. మలక్‌పేటలో పాత సామాన్ల కుప్పల్లో అలాంటివి వెతికి తెచ్చేదాన్ని. చింతపండు పులుసులో నానబెట్టి, తుప్పు వదిలించి, గ్రీజు పెట్టి, వాటి నోరు మళ్ళీ తెరిపించేదాన్ని. ఇనుము నాది, చింతపండు అమ్మది. మా ఇంట్లో గొడవంతా అక్కడే.

మేం కింద కిరాయికి ఉంటే, పైన ఓనర్ అంకుల్ ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. ఏదో వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో పాతకాలం గోటీలు, స్కూల్లో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లాగా పొట్టిదాని పక్కన కాస్త పొడుగుది, వరసగా రెండు వరసలు. ఒక్కసారి మూత తీసి చూపించారు. నేను చెయ్యి చాపగానే మూసేశారు.

"చూడు, ముట్టుకోకు."

"ముట్టుకుంటే అరుగుతయా అంకుల్?"

"నీ చేతిలో పడితే అరిగేదాకా తోముతావమ్మాయ్. మెట్ల మీద ఆరబెట్టినవి చూశాగా, స్టీలు గ్లాసుల్లా మెరిసిపోతున్నాయి. పాతదాన్ని పాతదానిలాగే ఉంచాలి."

అప్పుడు టీవీ పెడితే తెలంగాణ, బయటికి పోతే తెలంగాణ. ఈ రోజు బందు, రేపు రాస్తారోకో. అంకుల్ మెట్ల మీద నిలబడి నన్ను గిల్లేవారు.

"మీ రాష్ట్రం వస్తే మమ్మల్ని పంపించేస్తారా ఏంటి?"

"మేమెందుకు పంపిస్తం అంకుల్? పోయేటట్టుంటే మాత్రం పెట్టె ఈడ వెట్టి పోండ్రి."

"పెట్టె కోసం రాష్ట్రం విడగొట్టేలా ఉన్నావే!"

అట్లా నెలల తరబడి ఆయన బుర్ర తినగా తినగా, ఒక సాయంత్రం ఆ పెట్టెలోని రాచెట్‌ను నా చేతిలో పెట్టారు. తుప్పు పట్టి బిగుసుకుపోయి, రాయిలాగా ఉంది.

"రేపు సాయంత్రానికి ఇది తిరగాలి. లోపల పన్ను ఒక్కటి విరగ్గూడదు. తిరిగిందా, పెట్టె నీ ముందు తెరిచి పెడతా. తిరగలేదా, పెట్టె ఊసు మళ్ళీ ఎత్తకూడదు."

ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

మర్నాడు బందు. షెడ్డు మూసి ఉండడంతో నాన్న హాయిగా పడుకున్నారు. నేను పొద్దున్నే రాచెట్ తలకాయ మీది మూత ఊడదీశాను. లోపల పళ్ళ చక్రం బాగుంది. ఆ పళ్ళ మీద ఆడే చిన్న ఇనుప నాలుక కూడా బాగుంది. దాన్ని నొక్కి పట్టే స్ప్రింగు మాత్రం పొడైపోయింది. నాలుకను, మూతను, స్క్రూను చున్నీ కొంగుకు ముడేసుకుని, మిగిలిన రాచెట్‌ను చింతపండు గిన్నెలో నానబెట్టి, నాన్న మోపెడ్ మీద గల్లీల వెంబడి దిల్‌సుఖ్‌నగర్ పోయాను. సగం షట్టర్ దించుకుని లోపల కూర్చున్న తాళాలు బాగుచేసే భాయ్ దగ్గర, పాత తాళంలోంచి తీసిన స్ప్రింగు సరిగ్గా కుదిరింది. ఆకాశంలో తేలుతూ ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాను.

అమ్మ కూడా మాంచి హుషారుగా ఉంది. ఉల్లిగడ్డ వేపుడు కంచంలో కుప్ప పోసింది.

"ఇయ్యాల ఏందమ్మా, గిన్ని ఉల్లిగడ్డలు?"

"చింతపండు గిన్నెల తుప్పు ముక్కుండె గద. ఎంత బరువున్నదే అది! గిన్నెడు ఇచ్చిండు మామ."

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. అంకుల్ రాచెట్‌లో కొంత భాగం అప్పటికే మింగేశాను.

"అమ్మా, అది పైనంకుల్‌దే!"

"ఆయనది మన గిన్నెల ఎందుకున్నదే? నా చింతపండు ఎట్లన్న వాపస్ రాదు. ఉల్లిగడ్డలన్న వచ్చినయ్, సంతోషపడు."

ఉల్లిగడ్డల మామ రోజూ సాయంత్రం మూసారాంబాగ్‌లో పాత ఇనుము గోదాముకు బండి తోసుకుపోతాడు. అక్కడ గుట్టలో పడిందంటే ఇక దొరకదు. అయితే ఆ రోజు బండి అంత దూరం పోలేదని నాకు గట్టి నమ్మకం. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, రోడ్డు మీదే వండి, అక్కడే కూర్చుని తినేసి నిరసన తెలపడమన్నమాట. బస్సు దాటదు, లారీ దాటదు. ఉల్లిగడ్డల బండి అసలే దాటదు. సాంబార్‌కు ఉల్లిగడ్డలు కావాలి కదా.

చెయ్యి కడుక్కుని చౌరస్తాకు పరుగెత్తాను. అనుకున్నట్టే విజయవాడ రోడ్డుకు అడ్డంగా షామియానా వేసి ఉంది. మైకులో ఎవరో అన్న ఊగిపోతున్నాడు. వంట గుండిగల పక్కన మామ కూర్చుని, తన ఉల్లిగడ్డలు తనే కోస్తూ ఏడుస్తున్నాడు.

"మామా, నా రాచెట్ ఏది?"

"అదేందే కోడలు పిల్లా?"

"పొద్దుగాల మా అమ్మిచ్చిన ఇనుము!"

"ఇనుముకు పేర్లు గూడ వెడ్తున్నవా? అన్నీ గా మూటల్నే ఉన్నయ్."

కత్తితో చూపించాడు. తారు రోడ్డులో మేకు దిగదు కదా, అందుకని షామియానా మూల తాడును తెచ్చి మామ ఇనుము మూటకు కట్టేశారు.

"'తెలంగాణ కోసం నీ మూట జర ఇయ్యి మామా' అన్నరు. ఎట్ల కాదంట చెప్పు?"

మూట విప్పాలంటే ముందు తాడు విప్పాలి. తాడు విప్పితే టెంటు లేస్తుంది. ఎవరైనా పట్టుకుంటే బాగుండునని చుట్టూ చూశాను. అన్నం వరసలో విస్తరి పట్టుకుని నిలబడ్డది ఎవరనుకున్నారు? మా అంకుల్!

"మీరేంది అంకుల్ ఈడ?"

"మీ ఆంటీకి ఇవాళ ఉపవాసం. ఉపవాసం ఆవిడకి, శిక్ష నాకు. సాంబారు వాసన కాలనీదాకా వస్తుంటే ఇలా వచ్చేశా. సరేగానీ, రాచెట్ తిరిగిందా?"

"పొద్దుగాలకెల్లి తిరుగుతనే ఉన్నదంకుల్" అన్నాను. అందులో అబద్ధమేం లేదు. "జర ఈ తాడు పట్టుకోండ్రి."

"నేనా? మీ టెంటుని నేను పట్టుకోవడమేంటి? ఎవరైనా చూస్తే రెండు వైపుల వాళ్ళూ తంతారు."

"ఎవరు చూస్తరంకుల్? అందరు సాంబార్ దిక్కే చూస్తున్నరు."

ఆయన విస్తరి చంకలో పెట్టుకుని, తాడు రెండు చేతులకూ చుట్టుకుని, నాకు వీపు తిప్పి నిలబడ్డారు. నేను మూటలో చెయ్యి పెట్టాను. సైకిల్ చైను, తలుపు గొళ్ళెం, ఎవరిదో అట్లకాడ. పైన మైకులో అన్న ఆంధ్రా నాయకుల్ని తిట్టడం మొదలుపెట్టాడు. 'ఆంధ్రా' అని వినబడ్డప్పుడల్లా అంకుల్ చేతుల్లో తాడు కాస్త వదులయ్యేది. షామియానా కుచ్చులు అన్న నెత్తికి తగిలేవి. అన్న వాటిని చేత్తో తోసేసి మళ్ళీ అందుకునేవాడు.

"అయ్యా, గట్టిగ వట్టుకోండ్రి" అని మామ బతిమాలాడు.

"గట్టిగానే ఉన్నానయ్యా. ఆయన్నే కాస్త మెత్తగా మాట్లాడమను."

మూట అడుగున రాచెట్ దొరికింది. పళ్ళన్నీ ఉన్నాయి. చున్నీతో తుడిచి, నాలుక పెట్టి, స్ప్రింగు పెట్టి, మూత వేసి, మామ కత్తి కొనతోనే స్క్రూ బిగించాను. తిప్పాను. కదలలేదు. పోపు కోసం పెట్టిన నూనె డబ్బా పక్కనే ఉంది. వేలు ముంచి రెండు చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని మళ్ళీ తిప్పాను.

టిక్. కాసేపాగి, టిక టిక టిక.

అంకుల్ వీపు బిగుసుకుంది. వెనక్కి తిరగలేదు.

"అమ్మాయ్. మళ్ళీ తిప్పు."

తిప్పాను.

"అది నాదే. ఇటివ్వు!" అంటూ గబుక్కున తిరిగి రెండు చేతులూ చాపారు.

రెండు చేతులూ చాపితే తాడు ఎవరు పట్టుకుంటారు? షామియానా మెల్లగా, పెళ్ళికూతురి మేలిముసుగులాగా అన్న మీదికి దిగింది. ప్రాణాలైనా ఇస్తామంటున్న గొంతు బట్ట కిందినుంచి "ఎవడ్రా వదిలింది?" అంది మైకులోనే. అందరూ పరుగెత్తారు. మామ కళ్ళు తుడుచుకుంటూ "గాలి, గాలి వచ్చింది" అని అరిచాడు. అప్పుడు ఆకు కూడా కదలడం లేదు.

అంత గోలలో అంకుల్ రాచెట్‌ను చెవి దగ్గర పెట్టుకుని తిప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"దీనికి ఉల్లిపాయ వాసనేంటి?"

"ఉల్లిగడ్డ రసం పూస్తే తుప్పు వోతదంకుల్. పాత పద్ధతి."

ఆయన మూటను చూశారు, మామను చూశారు, చివరికి నన్ను చూశారు.

"మీ అమ్మేనా?"

తల దించుకున్నాను.

"ఎన్ని ఉల్లిపాయలిచ్చాడు?"

"గిన్నెడు."

"నా రాచెట్‌కి గిన్నెడేనా!" అని మామ మీదికి తిరిగారు.

"తుప్పుకు గంతే సార్. గిట్ల తిరిగేటట్టు తెస్తే ఇంక రెండు ఎక్కువేద్దును" అన్నాడు మామ తొణక్కుండా.

ఇద్దరం రోడ్డు మీద పక్కపక్కనే కూర్చుని సాంబార్ అన్నం తిన్నాం. అంకుల్ మారు కూడా వడ్డించుకున్నారు. విస్తరి మడిచాక అన్నారు.

"పెట్టె తెరుస్తా. కానీ అది కిందికి రాదు, నువ్వే పైకి రావాలి. మీ అమ్మ కంట ఒక్క గోటీ కూడా పడకూడదు."

"మరి తోముకోవచ్చా?"

"ఎడమ వరస నీది, నీ ఇష్టం. కుడి వరస మీద చెయ్యేస్తే మాత్రం ఊరుకోను."

మర్నాడు ఇంకా చీకటి విడవకముందే తుప్పు గీకే ఎమరీ కాగితం పట్టుకుని పైకెక్కి తలుపు కొట్టాను. అంకుల్ లుంగీ సర్దుకుంటూ వచ్చారు.

"ఇంకా పాలు కూడా రాలేదమ్మాయ్!"

"గోటీలు పాలు తాగుతయా అంకుల్? పెట్టె తియ్యుండ్రి."