తెల్లటి పేజీ మీద తెల్లటి ఉప్పు

మా పెద్దమ్మ ఇంట్లో గోడకి వేలాడే కేలండర్ మీద మా అమ్మ ఉంది. నౌపడ ఉప్పు మడిలో వంగి, పేరుకున్న ఉప్పును పొడుగు కర్రకి బిగించిన పలకతో గట్టుకి లాగుతున్న మనిషి వీపు, వెనక తెల్లటి కుప్పలు, ఇంకా ఎండెక్కని ఆకాశం. ఆ ఫొటో తీసింది నేను. అమ్మకి చద్దన్నం ఇవ్వడానికి వెళ్లిన ఒక ఉదయం ఫోన్‌తో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను. అక్కడి నుంచి ఎన్ని చేతులు మారిందో, టెక్కలిలో ఒక కిరాణా కొట్టు పంచిన కేలండర్‌కెక్కి కూర్చుంది. కింద కొట్టు పేరుంది, కొట్టు చిరునామా ఉంది. నా పేరు లేదు.

పెద్దమ్మ అంటే అమ్మకి సొంత అక్క. పెళ్లయి వరి పండించే ఇంటికి వెళ్లాక మళ్లీ ఉప్పు మడిలో కాలు పెట్టలేదు. ఆవిడ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లినప్పుడు అమ్మ ఆ కేలండర్ చూసి పొంగిపోయి, అది నేనే, మా అమ్మాయే తీసింది అని అందరికీ చెప్పింది. నవ్వారు. వీపు చూసి మనిషిని ఎలా పోల్చుకుంటామని ఒకావిడ, జాకెట్లు కుట్టుకునేదానికి ఇలాంటి ఫొటోలు ఎక్కడ వస్తాయని ఇంకొకావిడ. వైజాగ్ నుంచి ఎవడో పెద్ద కెమెరావాడు వచ్చి తీసుంటాడని పెద్దమ్మ తీర్మానించేసింది. నేను ఫోన్ తీసి అదే ఫొటో చూపిస్తే, నెట్‌లోంచి దించుకున్నావులే అన్నారు. అమ్మ భోజనాల దగ్గర తల వంచుకుని తిని, దారంతా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నాకు ముక్కు మీద కోపం. నా పేరు లేకపోవడం ఒక ఎత్తు, మా అమ్మని అబద్ధాలకోరుని చెయ్యడం ఒక ఎత్తు. ఆవిడ చెప్పింది నిజమేనని ఆ నవ్విన వాళ్లందరికీ తెలియాలి, అంతే. ఆ రోజు తీసిన మిగతా ఫొటోలన్నీ ఇంట్లో పాత మెమరీ కార్డులో భద్రంగా ఉన్నాయి. కానీ కార్డు పట్టుకుని ఇంటింటికీ తిరగలేను కదా. ఆ కేలండర్ ఎన్ని ఊళ్లలో వేలాడుతోందో కూడా తెలియదు.

మా మేనమామ కొడుకు, నాకు వరసకి బావ, టెక్కలిలో నెట్ సెంటర్ నడుపుతాడు. ఫొటో మూలన పేరు వేసుకుంటానంటే, మూల కోసేస్తారని కొట్టిపారేశాడు. నీ పేరుతో ఒక వెబ్‌సైట్ పెట్టు, ఆ రోజు ఫొటోలన్నీ వరసగా అందులో ఉంచు, ఎవడికి అనుమానమొస్తే వాడికి లింకు పంపు అన్నాడు. నా కళ్లు మెరిశాయి. అంతలోనే, “ఒసే, నీ వల్ల కాదులే గానీ, నేను సేసి పెడతాను,” అన్నాడు.

ఆ మాట అనకుండా ఉంటే అతనికే అప్పగించేదాన్నేమో. ఇంకొకరు చేసి పెడితే, మళ్లీ ఎవరో చేశారనే అంటారు. నేనే చేస్తానన్నాను. బావ నవ్వి, కొత్తవాళ్లకి పనికొచ్చే సాధనాలు మూడు చెప్పి పంపాడు.

జాకెట్ల పని ముగించుకుని ఒక్కొక్కటీ తెరిచి చూశాను. మొదటిది పెళ్లి మంటపంలా ఉంది. బొమ్మని వేలితో ఎక్కడికి లాగితే అక్కడ కూర్చుంటుంది, ముట్టుకుంటే అక్షరాలు ఎగురుకుంటూ వస్తాయి. కానీ అందులో పేజీల నమూనాలన్నీ ఇంగ్లీషు వాళ్ల కొలతలకి కత్తిరించిన జాకెట్లు. నేను తెలుగులో శీర్షిక పెడితే ఒత్తులు సగానికి తెగిపోయాయి. పైగా నా పేరు కంటే పెద్దగా దాని ప్రకటన అది వేసుకుంది. రెండోదానితో ఏదైనా చెయ్యొచ్చట. నిజమే, ఎడమ పక్కన ఉన్న మీటలు చూస్తేనే తెలుస్తుంది. ఏదో అప్‌డేట్ అడిగితే సరే అన్నాను, పేజీ మొత్తం చెల్లాచెదురైపోయింది. దాన్ని సర్దలేక ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. మూడోది పాతకాలపు బ్లాగు పద్ధతి. ఫొటో పెట్టు, కింద నాలుగు ముక్కలు రాయి, అంతే. చూడ్డానికి బడి గోడలా బోసిగా ఉంది.

మనసంతా మొదటిదాని మీదే ఉంది. ఒత్తులు తెగితే తెగాయి, శీర్షిక లేకుండా బతకొచ్చు అనుకున్నాను. అదే అమ్మతో చెబితే, ఆవిడకి సైట్ అంటే ఏమిటో తెలియదు గానీ, వినగానే ఒకటే అడిగింది.

“నీరు బయటికెల్లే దారి సూసావా?”

మా వాళ్లు కొత్త మడి తీసుకునేటప్పుడు ముందు నీళ్లొచ్చే కాలువ చూడరు, పోయే కాలువ చూస్తారు. అకాల వాన పడితే ఆ నీళ్లు బయటికి వెళ్లే దారి లేని మడిలో కష్టమంతా కరిగిపోతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే, నాకే తట్టలేదు. మళ్లీ కూర్చుని, ఈసారి పెట్టడం కాదు, పెట్టినవి వెనక్కి తెచ్చుకోవడం మూడింట్లోనూ ప్రయత్నించాను. మొదటిది ఒక్కొక్క ఫొటో చేత్తో దించుకోమంది, రాసింది రాసినట్టు తెచ్చుకునే దారే లేదు. రెండోది రాతలు ఇచ్చింది, ఫొటోలు తనలోనే ఉంచుకుంది. బోసిగా ఉన్న మూడోది అన్నీ ఒకే మూటగా కట్టి చేతిలో పెట్టింది. నా ఫొటో ఒకసారి చెయ్యి జారి కొట్టు గోడకెక్కింది. ఇంకోసారి ఎవరి చేతుల్లోనూ చిక్కుకోనివ్వను. మూడోదే ఖాయం చేశాను. ఇంత పాతదానికా ఇంత వెతికావు అన్నాడు బావ.

ఇక పేజీకి రంగు. ఉప్పు మనుషులం, మాకు తెలుపు కంటే గొప్ప రంగు లేదు. ఉప్పు మంచిదంటే తెల్లగా ఉందనే అర్థం. కాస్త బూడిద కలిసినా బేరం దిగిపోతుంది. అందుకని ఉన్న రంగుల్లోకెల్లా తెల్లటిది ఏరి పెట్టి, ఆ రోజు ఫొటోలన్నీ వరసగా ఎక్కించి, గర్వంగా అమ్మ చేతిలో ఫోన్ పెట్టాను. ఆవిడ చాలాసేపు కళ్లు చికిలించి చూసింది.

“ఏటే ఇది, మడుసులు గాల్లో తేల్తన్నారు?”

లాక్కుని చూసుకున్నాను. ఉప్పు కుప్పలు లేవు. తెల్లటి పేజీలో తెల్లటి కుప్పలు కలిసిపోయి, తలలు, చీరలు, తట్టలు మాత్రం గాలిలో వేలాడుతున్నాయి. ముందు సిగ్గేసింది, తర్వాత ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఫంక్షన్ తర్వాత అమ్మ అలా నవ్వడం అదే మొదలు. కుప్పల మీద కప్పే ఎండు తాటాకు రంగు వెతికి పేజీకి పెట్టాను. ఒక్కసారిగా ఉప్పు పైకి లేచింది. ఎండలో చూసినట్టే కళ్లు జిగేల్‌మన్నాయి. అబ్బ, ఎంత బాగుందో నేనే చెప్పుకోవాలి, చెప్పుకుంటాను.

పైన నా పేరు. కింద అమ్మ మడిలోకి దిగుతున్న ఫొటో, కొంగు బిగిస్తున్న ఫొటో, ఫోన్ కేసి చూసి విసుక్కుంటున్న ఫొటో. ఆ తర్వాత అటు తిరిగి వంగిన ఆ వీపు. దాని తర్వాత, చాల్లే ఇంటికి పో అని చెయ్యి విదిలిస్తున్న అమ్మ. అదే చీర, అదే పలక, అవే కుప్పలు. ఇవి తీసినవాళ్ల దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండవు.

లింకు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో నేను పెట్టాను. కింద ఏం రాయాలో ఆలోచిస్తుంటే, నువ్వు రాయకు, నేను మాట్లాడతానని అమ్మ ఫోన్ తీసుకుంది. గొంతు సవరించుకుని వాయిస్ పెట్టింది.

“అక్కా, వీపే కాదు, మొకం కూడా ఉన్నాది, సూడు. అది నేనే. నా కూతురే తీసినాది. ఇప్పుడు నవ్వండి.”

ఒక్కొక్కరూ చూసినట్టు గుర్తులు పడుతున్నాయి గానీ ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. చివరికి పెద్దమ్మ వాయిస్ వచ్చింది. తప్పయిందని లేదు, బాగుందని లేదు.

“ఒసే, మరి నన్నెప్పుడు తీస్తావే?” అంది నాతో.

నేను నోరు తెరిచేలోపు అమ్మే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

“మడిలోకి దిగి పని సెయ్యి, అప్పుడు తీస్తాది.”