ఏసుపాదం ఇంజన్ గెలిచిన పందెం

డెబ్బైల మొదట్లో నన్ను పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ బోట్ల వర్క్‌షాపుకి ఫోర్‌మన్‌గా వేశారు. ఫోర్‌మన్ అంటే మేస్త్రీలకి ఆఫీసరు, ఆఫీసర్లకి మేస్త్రీ. ఇంజన్లు విప్పించడం, బోట్లని స్లిప్ మీదకి, అంటే ఒడ్డున ఉన్న ఏటవాలు పట్టాల మీదకి లాగించి అడుగు బాగుచేయించడం, అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టడం నా పని. స్పేర్ పార్టులు మెయిన్‌లాండ్ నుంచి షిప్‌లో రావాలి. వచ్చేలోగా ఉన్నవాటితోనే కాపురం.

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఒక మహత్తరమైన చర్చ నడిచేది. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు సెలవు మీద కలకత్తా వెళ్లి, కార్ల పందేల బొమ్మలున్న పత్రికలు ఓ కట్ట తెచ్చుకున్నారు. పందెంలో గెలిపించేది డ్రైవరు చెయ్యా, కారు ఇంజనా అన్నది ప్రశ్న. ఇంజనీరుగారు చెయ్యి పక్షం, అకౌంట్స్ ఆఫీసరుగారు ఇంజన్ పక్షం. ఇద్దరూ పందెం కారు మొహం చూసి ఎరగరు. జీపు మూడో గేరులో పడితే దీవిలో జనం ఆగి చూసే రోజులవి. అయినా చర్చ టీ వేళల్ని మింగేసి గోల్ ఘర్ టీ కొట్టుదాకా పాకింది. అక్కడ సైకిలు కూడా రానివాళ్లు అందరికంటే గట్టిగా మాట్లాడేవారు.

అది మాటల్లోనే ఉంటే ఎవరికీ నష్టం లేదు. సరిగ్గా అప్పుడే బోటు డ్రైవరు పర్మనెంటు పోస్టు ఒకటి ఖాళీ అయింది.

దానికి ఇద్దరున్నారు. ఇద్దరూ వర్క్‌చార్జ్ డ్రైవర్లు, అంటే పని ఉన్నన్నాళ్లే జీతం, ప్రభుత్వ క్వార్టర్ మాట ఎత్తకూడదు. పెద్దవాడు ఏసుపాదం. భీమిలి వైపు మనిషి, ఆదివారాలు తెలుగు చర్చిలో డోలక్ వాయించేవాడు. డిగ్నాబాద్‌లో రేకుల గదిలో అద్దెకుండేవాడు. వాన పడితే గిన్నెలు నేల మీదా, పిల్లలు మంచం మీదా ఉండే ఇల్లది. ఇంటివాడు దాన్ని కూడా ఖాళీ చెయ్యమంటున్నాడు. భార్య మరియమ్మకి ఈ పోస్టు మీదే ప్రాణం. రెండోవాడు తాతారావు, పెళ్లి కాని కుర్రాడు, మంచివాడే. ఏసుపాదం చేతిలో పాత బోటు, తాతారావు చేతిలో కొత్త బోటు ఉండేవి. చిన్న బోట్లు కాబట్టి చుక్కానీ ఇంజనూ ఒక్కడే చూసుకోవాలి.

ఆ రిపబ్లిక్ డే పడవ పందేల్లో పాత బోటు కొత్తదాన్ని ఓడించింది. ఇంజనీరుగారు చెయ్యి గెలిచిందన్నారు. పాతకాలం ఇంజన్ల ఇనుమే వేరని అకౌంట్స్ ఆఫీసరుగారు కొట్టిపారేశారు. చివరికి ఇద్దరూ కలిసి కమిటీగా కూర్చుని, బోట్లు మార్చి మళ్లీ పందెం పెట్టాలనీ, గెలిచినవాడికి పోస్టివ్వాలనీ తీర్మానించారు. నన్నడిగితే సర్వీసు ఎక్కువున్నవాడికి ఇమ్మనేవాణ్ణి. నన్ను అడగలేదు. రెండు బోట్లకీ డీజిల్ పోయించమన్నారు.

మా దగ్గర ఒక రివాజుంది. ఎవరికిచ్చిన బోటు వాడి సొంత బిడ్డ కింద లెక్క. ఇంకొకడికి అప్పగించేటప్పుడు ఇంజన్ సరిచేసి, ఒక్క దెబ్బకి స్టార్టయ్యేలా ఇవ్వాలి, లేకపోతే జెట్టీ మీద తలెత్తుకోలేడు. తాతారావు కొత్తదానికి చేసేదేముందని గుడ్డతో తుడిచి ఊరుకున్నాడు. పందెం ముందురోజు ఏసుపాదం స్లిప్ అడిగితే ఇచ్చాను. మధ్యాహ్నం వెళ్లి చూస్తే, తన పాత బోటునే ఎక్కించి అడుగున పట్టిన గుల్లలు గీకుతున్నాడు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు అప్పటికే కడిగి ఆరబెట్టి ఉన్నాయి.

రేపు నువ్వెక్కేది ఇది కాదు కదయ్యా అన్నాను.

"రేపు నలుగురి ముందూ ఉరికేది నా ఇంజన్ సార్. మధ్యలో ఆగిపోతే నామ్ ఎవరిది ఖరాబవుద్ది, తాతారావుదా? నాదే కదేటి!"

మరి ఉద్యోగం మాటేమిటని అడిగాను.

"అది చెయ్యి చూసి ఇస్తారంట కదా సార్. చెయ్యి నా దగ్గరే ఉంది."

అని మళ్లీ గుల్లల మీద పడ్డాడు.

మర్నాడు పాత బోటు తాతారావుని ఎక్కించుకుని నీళ్లని కోసుకుంటూ పోయింది. కొత్త బోటులో ఏసుపాదం చెయ్యగలిగిందంతా చేశాడు. గుల్లలు పట్టిన అడుగుతో, నల్లపొగ కక్కే ఇంజన్‌తో ఎంత చెయ్యగలడో అంతే చేశాడు. దూరంగా వెనకబడ్డాడు. ఒడ్డెక్కాక వాడి మొహం చూద్దునా, వెలిగిపోతోంది! "చూశారా సార్, నా ఇంజన్ మొదలుపెట్టిన కాడి నుంచి ఒక్క దగ్గు దగ్గలేదు!" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కనే నిలబడ్డ మరియమ్మ మాత్రం గొంతు పెంచలేదు.

"గెలిచింది మీ ఇంజనే కదా, ఇక దాన్నే వెళ్లి క్వార్టర్ అడగండి," అంది.

అప్పుడు గాని వాడి మొహం వాడిపోలేదు.

తాతారావు నిజాయితీపరుడు. కమిటీ ముందు నిలబడి, "నేనేం చెయ్యలేదు సార్, చుక్కాని పట్టుకున్నానంతే. బోటు దానంతటదే పోయింది. ఏసుపాదం భయ్యా చేసిచ్చిన ఇంజన్ సార్ అది," అన్నాడు. ప్రతిభకి వినయం కూడా తోడైందని కమిటీ మురిసిపోయింది. నేను వెళ్లి స్లిప్ మీద చూసిందంతా చెప్పాను. పరీక్ష పెట్టింది డ్రైవింగుకి గాని రిపేరుకి కాదనీ, ఫలితం పైకి పంపేశామనీ ఇంజనీరుగారు సెలవిచ్చారు. రిపేరు నడిపేవాడి పనిలో భాగం కాదని ఆయన ఎక్కడ చదివారో నాకు తెలియదు. ఆ పత్రికల్లోనే అయి ఉంటుంది.

అంతటితో ఆగలేదు. గెలిచిన బోటు గెలిచినవాడికే ఉండాలని పాత బోటుని తాతారావు పేరు మీదే రాశారు. ఏసుపాదానికి కొత్త బోటు మిగిలింది. కొన్ని నెలలకి పాత బోటు నడి హార్బర్లో దగ్గడం మొదలుపెట్టింది. ఇంజన్‌కి వయసు మీద పడిందని ఇంజనీరుగారు నిర్ణయించారు. ఈలోగా కొత్త బోటు పరుగందుకుంది. కొత్త ఇంజన్లు కుదురుకోవడానికి టైము పడుతుందని అకౌంట్స్ ఆఫీసరుగారు వివరించారు. అంతా ఇంజన్‌లోనే ఉందని, చాలాకాలం తర్వాత వాళ్లిద్దరూ ఒక విషయంలో ఏకీభవించారు. ఆ విషయంలో ఏసుపాదం ఎక్కడా లేడు. వాడి కుటుంబం ఊరి చివర గరాచర్మ అవతల ఇంకో రేకుల గదికి మారింది.

నాకు ఈ ఉదంతం నేర్పింది చిన్న సంగతే. చెయ్యి గొప్పా, ఇంజన్ గొప్పా అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఇంజన్‌ని ముందురోజు విప్పింది ఎవరో కనుక్కోమంటాను. కనుక్కుంటే జవాబు దొరుకుతుంది. ఉద్యోగం మాత్రం అప్పటికే ఇచ్చేసి ఉంటారు.