కార్వేటినగరం దోవలో రంగప్ప కొత్త లారీ

రంగప్ప కొత్త లారీ కొన్నాడన్న కబురు నాకు మొదట చెప్పింది గాజుల మునెమ్మ. మా అక్క వెంగమ్మకు గాజులతో పని లేకుండా పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. అయినా మునెమ్మ మా ఇంటి ముందు గాజుల మలారం దించి, గుక్కెడు నీళ్ళు తాగనిదే ముందుకు పోయేది కాదు. ఆ రోజు నీళ్ళు తాగి, చెంబు బోర్లించి, లోపలున్న అక్కకు వినబడేటట్టు చెప్పింది. మద్రాసు నుంచి వస్తున్నదట, వెనక జోడు చక్రాలట, పది ఎద్దులబండ్ల బెల్లం ఒక్కటే మోస్తుందట.

అక్క రోకలి ఆపింది. మళ్ళీ దంచడం మొదలుపెట్టింది.

జరిగింది చెప్పేముందు ఒక మాట. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. నేను బడికి పోలేదు. మా నాయనే అరుగు మీద ఇసుక పోసి నాకు అక్షరాలు దిద్దించాడు. దేవుణ్ణి నమ్మినవాళ్ళకు దయ్యాలను నమ్మే తీరిక ఉండకూడదని ఆయన అనేవాడు. ఇప్పటికీ నా నమ్మకం అదే. కానీ చూసినదాన్ని చూడలేదని రాస్తే అది కూడా పాపమే కదా.

మా బావ పేరు చెంగల్రాయుడు. పుత్తూరు దగ్గర మా ఊళ్ళో ఆయన ఎద్దులబండి తోలేవాడు. పెనుమూరు వైపు నుంచి బెల్లం ఎత్తుకొచ్చేవాడు. ఆయన ఎద్దులకు రాముడు, లక్ష్మణుడు అని పేర్లు. వాటి కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగి ఉండేవి. శనివారం శనివారం మా అక్క ఆ కుప్పెలను చింతపండుతో తోమేది. మా బావ కల్లు ముట్టడు. గోవిందనామం చెప్పుకుంటూ నడిచే మనిషి. దిగుడు దోవ వస్తే బండి మీద కూర్చోడు, దిగి ఎద్దుల ముందు నడుస్తాడు. బరువు వాటి మెడ మీద పడుతుంటే తను కూర్చోవడం న్యాయం కాదని ఆయన లెక్క.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక తెల్లవారుజామున ఆయన చనిపోయాడు. ఆ కబురు తెచ్చినవాడు రంగప్పే. మా బావకు దాయాది, వరసకు తమ్ముడు. ఊళ్ళో బెల్లం మండీ అతనిదే. అప్పట్లో బొగ్గు మీద నడిచే పాత లారీ ఒకటి ఉండేది అతనికి. కార్వేటినగరం దాటాక కొండ మలుపులో, బావ తాగి బండి మీద నిద్రపోయాడనీ, ఎద్దులు బండిని లోయలోకి లాక్కుపోయాయనీ చెప్పాడు. లోయలో మా వాళ్ళకు బావ దొరికాడు, విరిగిన బండి దొరికింది, లక్ష్మణుడి కళేబరం దొరికింది. రాముడు బెదిరి అడవిలోకి పారిపోయిందని రంగప్ప అన్నాడు. అందరూ నమ్మారు.

అక్క మాత్రం నమ్మలేదు. ఆ తర్వాత రంగప్ప పాత లారీ చాలా రోజులు ఒంటి దీపంతో తిరిగింది. అడిగితే చింతకొమ్మ తగిలి రెండో దీపం ఊడిపోయిందన్నాడు. ఆ లారీని తొందరగా అమ్మేశాడు కూడా.

మనిషి పోయిన దుఃఖం ఒకటి. దానికంటే అక్కను కాల్చింది ఇంకొకటి. బండ్లవాళ్ళలో ఒక సామెత పుట్టింది. ఎవడైనా బండి మీద కునుకు తీస్తే, "ఏమిరా, చెంగల్రాయుని నిద్దర పోతాండావా" అని నవ్వేవాళ్ళు. సంతలో, బావి దగ్గర, చివరికి మా వీధి పిల్లల నోట కూడా అదే మాట. విన్నప్పుడల్లా అక్క వంగి పిడికెడు మన్ను తీసి రంగప్ప ఇంటి వైపు పోసేది. మా సీమలో ఆడది మన్నెత్తి పోస్తే అంతకుమించిన శాపం లేదు. వద్దని నేను ఒక్కసారి కూడా అనలేదు.

యుద్ధం అయిపోయింది. కొత్త లారీ వచ్చింది. ఆకుపచ్చ రంగు, కొత్త చెక్క వాసన, మనిషి నడుమెత్తు చక్రాలు. ఊరంతా చేరింది. గుమ్మడికాయ కొట్టారు, ముందు చక్రాల కింద రెండు, వెనక చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టారు. వెనక జోడు చక్రాలు కదా, లోపలి చక్రాలకు కూడా పెట్టాలని ఎవరికీ తోచలేదు. బండి అంటే రెండు చక్రాలు, కారు అంటే నాలుగు, అంతవరకే మా వాళ్ళ అనుభవం.

హారతి ఇవ్వబోతుండగా అక్క వచ్చి లారీ ముందు నిలబడింది. శుభకార్యంలో ఎదురు రాకూడని మనిషి. జనం గుసగుసలాడారు. అక్క వాళ్ళ వైపు చూడలేదు.

"రంగప్పా, కొత్త బండికి దేవుణ్ణి సూపిస్తావు గదా. కాణిపాకానికే తోలు. ఆడ వినాయకుని ముందర, నీ పాత లారీ మా ఆయన్ని తాకలేదని ఒక్క మాట సెప్పు. ఆ పైన నీ గడప దిక్కు సూడను."

మా వైపు తగవులకు కాణిపాకం వినాయకుడే చివరి కోర్టు. తడిబట్టలతో ఆయన ముందు నిలబడి అబద్ధం ఆడినవాడు బతికి బట్టకట్టడని అందరికీ తెలుసు. అందుకే కాదనడానికి రంగప్పకు వీలు లేకపోయింది. నవ్వాడు. "దాందేముండాది వొదినా, పోదాం. నువ్వూ రా, నీ సెల్లెల్నీ తోడు తెచ్చుకో. కొత్త బండిలో కూసున్నట్టుంటాది" అన్నాడు.

అలా ఆ లారీ తొలి దూరప్రయాణంలో నేను కూర్చున్నాను. తెల్లవారాక బయలుదేరాం. ముందర రంగప్ప, ఊరి మునసబు తాత, డ్రైవరు కదిర్వేలు. ఇతను అరక్కోణం మనిషి, లారీతోపాటే వచ్చాడు, మా సంగతులేవీ తెలియవు, తెలుగు కూడా అంతంతమాత్రం. వెనక వరిగడ్డి పరుచుకొని అక్క, నేను, మునెమ్మ, ఇంకా కొందరు ఊరివాళ్ళం.

బండి మంచిది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. పుత్తూరు దాటేదాకా నా ఒడిలో ఉన్న మజ్జిగ చెంబు తొణకలేదు. చెట్లు మమ్మల్ని దాటి పరిగెత్తుతున్నట్టు అనిపించింది. ఎద్దులబండిలో నడుములు పోయేలా తిరిగిన మాకు అది పల్లకీలాగా ఉంది. ఇంత సుఖం చూపించినందుకు గోవిందుడికి దండం పెట్టుకున్నాను. అక్క మాత్రం పక్క పలక మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకొని కూర్చుంది.

నగరి మీదుగా చుట్టు తిరిగి పోవాలని రంగప్ప ముందే చెప్పాడు. ఆ దోవ బాగుంటుందన్నాడు. దోవలు చీలేచోట కదిర్వేలు నగరి వైపే తిప్పాడు. అతను తిప్పడం డ్రైవరు వెనకున్న కిటికీలోనుంచి నేనూ చూశాను. లారీ మాత్రం కార్వేటినగరం దోవ పట్టింది. కదిర్వేలు ఆపి, వెనక్కి తీయబోతే వెనక గేరు పడలేదు. రంగప్ప తిట్టాడు. మునెమ్మ ఊరుకోలేదు.

"ఏమప్పా రంగప్పా, నీ బండికి నీకంటే బాగా దోవ తెల్సినట్టుండాదే."

అందరూ నవ్వారు. అడ్డదోవ ఉండగా చుట్టుదోవ ఎందుకని మునసబు తాత కూడా అన్నాడు. వద్దనడానికి రంగప్ప దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు.

కార్వేటినగరం దాటాక లారీ నెమ్మదించింది. ఇంజను అరుస్తూనే ఉంది, చక్రాలు మాత్రం ఎద్దులు నడిచినట్టు నడుస్తున్నాయి. కదిర్వేలు ఎంత తొక్కినా అంతే. దోవ పక్కన కట్టెలమోపుతో పోతున్న ఒక ముసలామె మాతో సమానంగా నడిచింది. అంతవరకు ముక్కుకు పట్టిన కొత్త రంగు వాసన పోయి, చెమటపట్టిన ఎద్దుల వాసన వచ్చింది. అది నాకొక్కదానికే కాదు. మునెమ్మ ముక్కు మూసుకుంది. అక్క కళ్ళు తెరిచింది. ఆమె ముఖంలో భయం లేదు.

కొండ మలుపు ఇంకా దూరం ఉండగానే ఒక వంక అడ్డం వస్తుంది. ఎండాకాలం, చుక్క నీరు లేదు. లారీ వంకలోకి దిగి, చక్రాల జాడ వదిలి పక్కకు తిరిగి, కొంచెం దూరం పోయి ఆగింది. ఇంజను ఆగిపోయింది. వెనక లోపలి చక్రం ఒకటి ఇసుకలోకి దిగబడింది.

మగవాళ్ళు దిగి పారతో తవ్వడం మొదలుపెట్టారు. తవ్వొద్దు, ఎద్దులను తెప్పించి లాగిద్దామని రంగప్ప ఒకటే గొడవ. అంతలో పారకు ఏదో తగిలి ఖణేల్‌మంది. ఇత్తడి కుప్పె. దాని కింద కొమ్ము, తల ఎముక, విరిగిన పక్కటెముకలు. ఆ పక్కటెముకల నడుమ ఒక లారీ దీపం చట్రం.

అక్క దిగి, కుప్పెను పైటకొంగుతో తుడిచింది.

"ఇది మా రాముడు. అడవిలోకి పారిపోయిందని సెప్తివి గదా రంగప్పా."

రంగప్ప కదిర్వేలు దగ్గరికి ఉరికాడు. ఇంజను రాజేయడానికి ముందు నుంచి తిప్పే ఇనప హ్యాండిలు అతని చేతిలోనుంచి లాక్కొని, లారీ ముందుకు పోయి తానే తిప్పాడు. ఒకసారి తిప్పాడు, రెండోసారి తిప్పాడు. మూడోసారి హ్యాండిలు వెనక్కి కొట్టింది. కుడిచెయ్యి విరిగిన చప్పుడు అందరం విన్నాం. అతను వెల్లకిలా పడ్డాడు.

హ్యాండిలు వెనక్కి కొట్టి చెయ్యి విరగడం లారీలవాళ్ళకు వింత కాదట. తర్వాత జరిగినదానికే నా దగ్గర మాట లేదు. ఇంజను దానంతటది రాజుకుంది. దిగబడిన చక్రం గుంటలోనుంచి పైకి లేచింది. లారీ మూరెడు ముందుకు వచ్చి, పడి ఉన్న రంగప్ప రొమ్ము మీదికి వంగినట్టు నిలబడింది. లోపల ఎవరూ లేరు. కదిర్వేలు నా పక్కనే ఉన్నాడు, మునసబు తాత కర్ర పట్టుకొని అతని పక్కన ఉన్నాడు. పట్టపగలు. లారీ ఉరుముతూ వణుకుతోంది. ఇంకొక మూరెడు కదిలితే మనిషి ఉండడు.

రంగప్ప లారీ వైపు చూడలేదు. అక్క వైపు చూశాడు.

"వొదినా, ఆపమను. నీకు దండం పెడతా, ఆపమని సెప్పు."

అక్క కదల్లేదు. నిదానంగా అడిగింది.

"ఆ పొద్దు ఎవరు నిద్దరపోయినారు?"

"నేనే. లారీ తోలింది నేనే వొదినా. కన్ను మూతపడింది. అన్న ఎద్దుల ముందర నడస్తా ఉండినాడు. తెలివొచ్చి సూసేతలికి అంతా అయిపోయుండాది. రాముని పక్కటెముకల్లో దీపం ఇరుక్కునింటే దాన్ని ఈడే పూడ్సి, బండినీ అన్ననీ మలుపుకాడికి ఈడ్పించి లోయలోకి తోయించింది నేనే."

ఇంజను ఆగింది. ఎవరూ ఆపలేదు.

మునసబు తాత అంతా విన్నాడు. ఆయనే చిత్తూరులో పోలీసులకు చెప్పాడు, కోర్టులోనూ చెప్పాడు. రంగప్పకు పడిన శిక్ష చిన్నదే. పెద్ద శిక్ష ఇంట్లో పడింది. ఎముకలు కట్టడంలో పుత్తూరుకు మించిన చోటు లేదు. ఎక్కడెక్కడివాళ్ళో మోసుకొచ్చి కట్టు కట్టించుకొని నడిచి వెళ్ళిపోతారు. కూతవేటు దూరంలో ఉన్న రంగప్ప చెయ్యి మాత్రం అతకలేదు. ఎన్ని కట్లు మార్చినా అది చొక్కాచేతిలో పొట్లకాయలాగా వేలాడుతూనే ఉండింది. అతను మా వీధిన పోయినప్పుడల్లా ఆ చెయ్యి చూశాను, చూసి దేవుడికి దండం పెట్టుకున్నాను. జాలిపడమని నా మనసును అడిగాను, అది పడలేదు. అందుకు నాకు సిగ్గు లేదు.

లోపలి చక్రాలకు నిమ్మకాయలు పెట్టకపోవడమే దీనికంతటికీ కారణమని రంగప్ప ఇంటివాళ్ళు ఈనాటికీ అంటారు. మద్రాసు నుంచి మెకానికు వచ్చి లారీ అంతా విప్పి చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు. నాయుడుపేటలో ఒకరు దాన్ని కొని ఏళ్ళ తరబడి నడిపారు. ఎక్కడా మొరాయించలేదు, ఎవరికీ గీత కూడా పడలేదు.

మా బావే వచ్చాడా అంటే, ఆయన చీమను తొక్కని మనిషి. ఒకరి రొమ్ము మీద లారీని నిలబెట్టే కోపం ఆయనది కాదు. దేవుడే అనుకుందామంటే, కాణిపాకం చేరేదాకా ఆగొచ్చు కదా. అక్క కోపమే అనుకుందామంటే, మనిషి కోపానికి ఇంజను తిరుగుతుందా. పైగా ఆ లారీ కొత్తది. పాత లారీ చేసిన పని దానికెలా తెలుసు? ఆలోచించి ఆలోచించి వదిలేశాను. నాకు తెలియదు.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ సామెత మా ఊళ్ళో చచ్చిపోయింది కానీ, బండ్లు పోయిన దూరమల్లా అది పోయింది. పెనుమూరు వైపు, పాలసముద్రం వైపు ఇంకా అంటూనే ఉన్నారట. మీ చెవిన పడితే దయచేసి మా బావ చెంగల్రాయుణ్ణి తలుచుకోండి. ఆయన నిద్రపోలేదు. ఎద్దుల ముందు నడుస్తున్నాడు.